నకలు వండాలంటే ముక్క తెలిసుండాలి

(కాకినాడలో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల కోసం జరిగిన వంట వర్క్‌షాప్‌లో ఒక మిలటరీ హోటల్ యజమాని మాట్లాడిన మాటలు ఇవి. వంట ప్రదర్శన ఆయన కూతురిది.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి బాబూ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు పరిచయం చేస్తూ నన్ను పాకశాస్త్ర నిపుణుణ్ణి చేసేశారు. అంత లేదండీ. మాది మిలటరీ హోటల్. మా నాన్న పెట్టారు, తర్వాత నేను అందుకున్నాను. ఇప్పటికీ పొద్దున్నే కొట్టుకెళ్ళి వేటమాంసం నేనే చూసి తెస్తాను. నాటుకోడి పులుసు, వేట ఇగురు, కైమా, తలకాయ, ఆదివారమైతే పాయా. ఇవి తప్ప నాకు వేరే విద్య రాదు. ఈ రోజు వండి చూపించేది మా అమ్మాయి. నన్ను పిలిచింది తండ్రిగా. కాబట్టి కాస్త గొప్పలు చెప్పుకుంటాను, మీరే సర్దుకోవాలి. (నవ్వులు)

మా అమ్మాయి వీగన్. మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. అలాంటి పిల్ల వండేవి ఏమిటయ్యా అంటే వేట ఇగురు, కైమా, చేపల పులుసు, కోడి వేపుడు! అన్నీ గోధుమలు, సోయా, పనసకాయ, పుట్టగొడుగులు, అరటిపువ్వు. తినేవాడికి మాత్రం మా హోటల్లో కూర్చున్నట్టే ఉంటుంది. 'ఉంటుంది' అని నేను అనడం కాదు, కాసేపట్లో మీరే చెబుదురుగాని.

మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. మా చుట్టాలు ప్రతి పెళ్ళిలోనూ అడిగేది అదే. మాంసం వద్దనుకున్న మనిషికి మళ్ళీ ఆ రుచి దేనికండీ, హాయిగా పప్పూ కూరా తినొచ్చుగా అని. ఆ పిల్లకి రుచి మీద పేచీ ఎప్పుడూ లేదు. పేచీ అంతా కోత మీద. స్కూలు నుంచి వచ్చి మా హోటల్ వంటింటి గుమ్మంలో కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఇగురు దగ్గరపడే వేళకి పుస్తకం మూసేసి గిన్నె పట్టుకుని నిలబడేది. మాకు గోదావరి వైపు ఒక మాట ఉంది, ముక్క లేనిదే ముద్ద దిగదని. అలాంటి ఇంట్లో నాలుక ఏర్పడ్డాక, పెద్దయి ఒక నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ నాలుకని పీకి పారెయ్యలేం కదా. మనసు వద్దంది, నాలుక కావాలంది. ఆ రెండిటి మధ్య పంచాయతీ వంటింట్లో తీరుస్తోంది. అందులో తప్పేముందో నాకైతే అర్థం కాదు.

పైగా ఇదేదో అమెరికా వాళ్ళు మొన్న కనిపెట్టిన ఫ్యాషన్ అనుకోకండి. చైనాలో బౌద్ధ ఆశ్రమాల వంటవాళ్ళు గోధుమపిండి కడిగి తీసిన జిగురు ముద్దతో, సోయాతో బాతు మాంసంలాంటివి, కోడి మాంసంలాంటివి శతాబ్దాలుగా చేస్తున్నారు. భిక్షువులకి మాంసం నిషేధం. ఆశ్రమానికి వచ్చే అతిథులకి మాత్రం మాంసం అలవాటు. వచ్చినవాళ్ళకి తృప్తిగా పెట్టాలి కదా. అక్కడ పుట్టింది ఆ పనితనం. బెంగాలీలు పచ్చి పనసకాయని చెట్టుకి కాసిన మేకపోతు అంటారు, మటన్‌కి వేసే మసాలాతోనే వండుతారు. వాళ్ళ దగ్గరే ఇంకో తమాషా ఉంది. కాళీమాత ప్రసాదంగా మేక మాంసాన్ని ఉల్లి, వెల్లుల్లి లేకుండా అల్లం, జీలకర్రతో వండుతారు, దానికి శాకాహార మాంసం అని పేరు! (నవ్వులు) అంటే అటు నుంచి ఇటు కూడా నకలు నడుస్తుందన్నమాట. జార్ఖండ్‌లో శ్రావణ మాసం రాగానే మాంసం మానేసి, సాల్ చెట్ల కింద మట్టిలోంచి రుగ్డా అనే పుట్టగొడుగు తవ్వి తెచ్చుకుంటారు. అది పంటికింద పడితే మాంసమే అని వాళ్ళ నమ్మకం. ధర కూడా తక్కువేం కాదు.

మన సంగతి చూడండి. మధ్వ సంప్రదాయంలో యజ్ఞానికి ప్రాణమున్న పశువు వద్దని, పిండితో పశువు బొమ్మ చేసి వాడమన్నారు. పిష్టపశువు అంటారు దాన్ని. కొత్త లారీ కొన్నా, ఇల్లు కట్టినా బూడిద గుమ్మడికాయ కొట్టి ఆ చెక్కలకి కుంకుమ పూస్తాం. ఆ ఎరుపు ఎందుకో నేను చెప్పక్కర్లేదు. ఇక కార్తీక మాసంలో మా హోటల్ సంగతి. ముక్క బేరం పడిపోతుంది, మీల్ మేకర్ కూర, పుట్టగొడుగుల ఇగురు లేస్తాయి. వచ్చినవాళ్ళు ఏమంటారో తెలుసా? 'మసాలా మాత్రం మటన్‌కి వేసేదే వెయ్యండి, తగ్గించకండి' అంటారు. నెల రోజులు మాంసం వదలగలరు, మసాలా వదల్లేరు.

ఇది నేను రోజూ చూసే విషయమే. దాన్ని పట్టుకుని ఆలోచించింది మా అమ్మాయి. ఓసారి నన్ను అడిగింది, 'నాన్నా, నీ ఇగురులో మేక ఇచ్చిన రుచి ఎంత, నువ్వు ఇచ్చినది ఎంత' అని. వంటవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అది. మీరూ చేసి చూడండి. వేటమాంసం ఉప్పు మాత్రం వేసి నీళ్ళలో ఉడకబెట్టి, కళ్ళు మూసుకుని తినండి. తర్వాత అదే మాంసం ఉల్లిపాయ ఎర్రగా వేగాక అల్లంవెల్లుల్లితో వేయించి, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, చెక్క, లవంగం నూరి వేసి, నూనె తేలేదాకా మగ్గించి తినండి. మన నాలుక వేట ఇగురు అని గుర్తుపట్టేది ఆ రెండోదాన్ని. అందులో సగం పైన మొక్కల నుంచి వచ్చిందే. ఆ సగం మా అమ్మాయికి ఉచితంగా దొరికింది, ఎందుకంటే అది మా ఇంటి విద్య. మిగతా సగం కోసమే తను కష్టపడింది.

ఆ మిగతా సగంలో మొదటిది పీచు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఇవాళ మీ చేత చేయించేది కూడా ఇదే.

మైదా గట్టిగా ముద్ద కలిపి కాసేపు నానబెడతారు. తర్వాత నీళ్ళలో పెట్టి పిసుకుతారు. నీళ్ళు పాలలా తెల్లబడతాయి, అది పిండి పదార్థం. నీళ్ళు వంపడం, కొత్తవి పొయ్యడం, పిసకడం. మధ్యలో ఒక దశ వస్తుంది. ముద్ద మొత్తం విరిగిపోయి, చేతిలో చెత్త మిగిలినట్టుంటుంది, ఇంక అయిపోయింది పారేద్దాం అనిపిస్తుంది. అక్కడ ఆగకూడదు. ఇంకాస్త పిసికితే అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని సాగే ముద్ద తయారవుతుంది. అదే గ్లూటెన్, గోధుమలో ఉన్న ప్రోటీన్. ఇటలీలో బొలోనా నగరానికి చెందిన బెక్కారి అనే ఆయన గోధుమపిండి నుంచి దీన్ని విడదీసిన సంగతి 1745లో అచ్చయింది. చైనా వంటవాళ్ళకి అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే తెలుసు, వాళ్ళు పేపర్ రాయలేదు, కూర వండుకున్నారు. కిలో మైదాకి పావుకిలో పైచిలుకు తడి ముద్ద వస్తుంది. కడిగిన తెల్ల నీళ్ళు మోరీలో పారబొయ్యకండి. మాడుగుల హల్వా తెలుసుగా, గోధుమ పాలు తీసే చేస్తారు దాన్ని. మా ఇంట్లో ఈ పాలు నిలవబెట్టి, అడుగున పేరుకున్న పిండితో హల్వా చేస్తుంది మా ఆవిడ. నెయ్యి బదులు జీడిపప్పు నూనె... కాదు కాదు, కొబ్బరినూనె. (సభలోంచి కూతురు ఏదో అన్నారు) ఆఁ, జీడిపప్పు ముద్ద, కొబ్బరినూనె రెండూనట.

ఇప్పుడు ఆ ముద్దని అలాగే ఉడకబెడితే మాంసం కాదు, తడిసిన రొట్టె అవుతుంది. ఇక్కడ మా అమ్మాయి పని మొదలవుతుంది. ముద్దని పొడుగ్గా లాగి, మెలిపెట్టి, జడలా అల్లి, ముడేస్తుంది. అప్పుడు పీచులన్నీ ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. మసాలా కలిపిన నీళ్ళలో సన్న సెగ మీద ఉంచుతుంది. తెర్లనివ్వదు. కుతకుతమంటే లోపల గాలి బుడగలు పట్టి స్పంజిలా తయారవుతుంది. చల్లారాక ఒక రాత్రి ఉంచి, మర్నాడు చేత్తో చీలుస్తుంది. కోడి రొమ్ము మాంసం చీలినట్టే పీచులు పీచులుగా వస్తుంది. మెత్తగా కావాలంటే ముందు కాస్త శనగపిండి కలుపుతుంది.

ఒకసారి చూస్తే తను ఆ ముద్దని ఐమూలగా కోస్తోంది. అదేమిటమ్మా అంటే, 'తొడ ముక్క పీచుకి అడ్డంగా కోస్తేనే కదా నాన్నా మెత్తగా ఉండేది, మన కొట్లో అలాగే కోసేవారుగా' అంది. మాంసం ముక్క పీచు ఏ దిక్కుకి నడుస్తుందో, రొమ్ము దగ్గర ఎలా ఉంటుందో, తొడ దగ్గర ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూసి గుర్తుపెట్టుకుంది. పుట్టు శాకాహారికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి? హోటళ్ళలో నకిలీ మాంసం అని పెట్టేవి చాలావరకు ఇందుకే తేలిపోతాయి. వండినవాడికి అసలు ముక్క తెలీదు. అల్లంవెల్లుల్లి దట్టించి, ఎర్ర రంగు పోసి, మటన్ అని బోర్డు పెడతాడు.

మీల్ మేకర్ సంగతి మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలిన పిండిని మరలో వేడి మీద, ఒత్తిడి మీద తోస్తారు. సన్న రంధ్రంలోంచి బయటికి రాగానే అందులోని నీరు ఒక్కసారి ఆవిరై ముక్క ఉబ్బుతుంది. 1960లలో అమెరికాలో మొదలైన పద్ధతి. చాలామంది దాన్ని వేడినీళ్ళలో ఒక పొంగు రానిచ్చి నేరుగా కూరలో పడేస్తారు, అందుకే ఆ పచ్చి సోయా వాసన. ఉప్పు నీళ్ళలో ఉడికించి, గట్టిగా పిండి, మళ్ళీ మంచినీళ్ళు పోసి పిండి, అప్పుడు మూకుడులో నూనె లేకుండా తేమ ఆరేదాకా వేయించి చూడండి. అది మసాలా పీల్చే తీరే వేరు. కైమాకి సన్నరకం ఉంటుంది, దానిలో సన్నగా తరిగి వేయించిన పుట్టగొడుగులు కలిపితే కైమా తినేవాళ్ళు కూడా రెండోసారి అడుగుతారు.

ఇక కొవ్వు. మాంసంలో కొవ్వు లేని భాగం ఏ జంతువుదైనా ఉడికితే వాసనలో పెద్ద తేడా ఉండదట. ఇది మేక, ఇది పంది, ఇది పశువు అని పట్టిచ్చేది ఎక్కువగా కొవ్వేనట. మేకకి ఆ ప్రత్యేకమైన ఘాటు వాసన కొన్ని రకాల కొవ్వు ఆమ్లాల వల్ల వస్తుంది. అమ్మాయి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ముదురు పోతు మాంసం కొట్టు గుమ్మంలోంచే వాసన పట్టి వద్దనేవాణ్ణి నేను. కారణం మాత్రం ఇన్నాళ్ళకి తెలిసింది. కొన్ని పెద్ద కంపెనీలు మొక్కలతో చేసే బర్గర్లలో కొవ్వు బదులు కొబ్బరినూనె వాడతాయి. అది సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. మన కాకినాడ వేసవిలో అది గడ్డకట్టే ప్రశ్నే లేదు. అందుకని మా అమ్మాయి దాన్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తురుము తీసి, చల్లటి ముద్దలో కలుపుతుంది. పెనం మీద పడగానే కరిగి, ముక్కని లోపల నుంచి వేయిస్తుంది. మేక వాసన మాత్రం పూర్తిగా రాదు, అది తనూ ఒప్పుకుంటుంది. రాతిపువ్వు, నల్ల యాలక్కాయ, ఎండు పుట్టగొడుగుల పొడి వేసి దాని దగ్గరికి తీసుకెళుతుంది. మాంసం పెనం మీద ఎర్రగా కాలినప్పుడు వచ్చే వాసన మాత్రం మొక్కల ప్రోటీన్‌తోనూ తెప్పించొచ్చు. ప్రోటీన్‌లోని అమినో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి చేసే పని అది. 1912లో మయార్ అనే ఫ్రెంచి ఆయన మొదట వివరించాడు. ఒక్కటే షరతు, ముక్క తడిగా ఉండకూడదు. తడి ముక్క ఉడుకుతుంది తప్ప వేగదు. ఇది మీరు అసలు మాంసానికైనా గుర్తుపెట్టుకోండి.

రక్తం రంగు, రక్తం రుచి కోసం అమెరికాలో 2011లో పాట్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఇంపాజిబుల్ ఫుడ్స్ అని కంపెనీ పెట్టాడు. ఆయన పట్టుకున్నది సోయా మొక్క వేరు బుడిపెల్లో ఉండే ఒక ప్రోటీన్‌ని. మన రక్తంలో ఎరుపు ఇచ్చే హీమ్ అందులోనూ ఉంది. దాన్నిప్పుడు ఈస్ట్‌లో పెంచి తీస్తున్నారు. మీలో రైతుబిడ్డలు ఉంటే, ఈసారి వేరుశనగ మొక్క పీకినప్పుడు వేరు మీద బుడిపెని గోటితో చిదిమి చూడండి, లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. ఆ ఎరుపే. అలాగే అక్కడ సీసాలో పోసి అమ్మే మొక్కల గుడ్డు ఒకటుంది, అది పెసల ప్రోటీన్‌తో చేస్తారు. పెసరట్టు తిని పెరిగినవాళ్ళం, మనకి తట్టలేదు. (నవ్వులు) గుడ్డు వాసనకి మా అమ్మాయి నల్ల ఉప్పు వాడుతుంది, అందులో గంధకం ఉంది కాబట్టి. దించాక చల్లాలి, ముందే వేస్తే వాసన ఎగిరిపోతుంది.

చేపల పులుసు నాకు అన్నిటికంటే ఇష్టం. అరటిపువ్వు పైన ఎర్ర దొప్పలు తీసేస్తే లోపల తెల్లటి లేత భాగం ఉంటుంది. ఇంగ్లండ్‌లో వీగన్లు దాన్నే పిండిలో ముంచి చేప వేపుడులా చేసుకుంటారు. మనకి రావులపాలెం పక్కనే ఉంది, అరటిపువ్వుకి కొరతా? ఉప్పు, పసుపు, నిమ్మరసం వేసిన నీళ్ళలో ఉడికించి కనరు పోగొట్టి, నోరి అనే సముద్రపు నాచు రేకు చుట్టి, పెనం మీద వేయిస్తుంది. ఆ రేకు చేప తోలులా కనపడుతుంది, నీసు వాసన కూడా దాన్నుంచే. మిగతాదంతా మా అమ్మ చేసే పులుసే. ముదురు చింతపండు, పచ్చిమిర్చి, మెంతిపొడి, దించే ముందు కొత్తిమీర. మర్నాటికి ఇంకా బావుంటుంది, చేపల పులుసు లాగే.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. మా హోటల్ మసాలా మా అమ్మది. ఆవిడకి కొలతలు లేవు. గుప్పెడు ధనియాలు, చిటికెడు అది, నాలుగు ఇవి. నేను చూసి నేర్చుకున్నాను, నేనూ గుప్పెటతోనే వేస్తాను. మా అమ్మాయి నాయనమ్మ పక్కన కూర్చుని, ఆవిడ గుప్పెట మూయగానే ఆ గుప్పెటని కాటా మీద ఒంపించి, గ్రాములు రాసుకుంది. నాటుకోడి పులుసులో గసగసాలు ఎప్పుడు పడాలి, ఇగురులో నీళ్ళు ఎన్నిసార్లు చిలకరించాలి, అన్నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఇప్పుడు మా అమ్మ లేదు. మా ఇంట్లో అందరం మాంసం తింటాం. ఆవిడ నాటుకోడి పులుసు లెక్క తప్పకుండా రాసి ఉన్నది మాత్రం కోడిని ముట్టని పిల్ల దగ్గర. మా హోటల్లో కొత్త వంటవాడు చేరితే ఆ నోట్‌బుక్ జిరాక్స్ ఇస్తున్నాం. నకలు చేసేవాళ్ళకి అసలు మీద గౌరవం ఉండదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

గొప్పలు చెప్పాను కాబట్టి రానివి కూడా చెప్పాలి. ఎముక రాదు. ఉత్తరాదిలో సోయా చాప్‌కి పుల్ల గుచ్చి కాలులా చూపిస్తారు. చూడ్డానికి బావుంటుంది, చప్పరించడానికి ఏముంది? మూలుగ రాదు. పాయా అసలు రాదు. పెదాలు అంటుకునే ఆ జిగురు ఎముకల్లోంచి, తోలులోంచి దిగేది, దానికి తను చేసినవేవీ నేను ఒప్పుకోలేదు, తనూ ఒప్పుకోలేదు, వదిలేసింది. కార్జం కొంతవరకు వచ్చింది. పనసకాయ అందరూ మెచ్చుకుంటారు, నాకు అంత గురి లేదు. పీచు చూడ్డానికి మాంసమే, నమిలితే మాత్రం జారిపోతుంది. పనసకాయని పనసకాయలాగే పొట్టు కొట్టి, ఆవ పెట్టి వండితే మన గోదావరి జిల్లాల్లో దానికి మించిన పెళ్ళి కూర ఉందా? దానికి మేక వేషం వెయ్యడం దాన్ని తక్కువ చెయ్యడమే అని నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోదు. ఇంట్లో ఈ గొడవ ఇంకా నడుస్తోంది.

ఇంకొక్కటి, ఇది మీ వృత్తికి సంబంధించింది. చెప్పకుండా పెట్టకండి. మాంసమని నమ్మించి తినిపించి, తర్వాత చప్పట్లు కొట్టి 'మోసపోయారు' అనే ఆట మా వంటింట్లో నిషేధం. గ్లూటెన్ పడనివాళ్ళు ఉంటారు, సోయా పడనివాళ్ళు ఉంటారు. పచ్చ చుక్క ఉంటే చాలు అనుకోకండి, పచ్చ చుక్క ఉన్నదాంట్లో పాలు, నెయ్యి ఉండొచ్చు. వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలు వచ్చాయి, వాటికి వేరే గుర్తు ఉంది, పచ్చటి వి అక్షరం, దాని మీద ఆకు. వీగన్ అని రాసి చివర్లో చెంచాడు నెయ్యి తగిలించే వంటవాళ్ళని చూశాను. 'నెయ్యే కదండీ' అంటారు. అదే మాట మాంసం తినని వాడికి మాంసం పులుసు పోసి 'రసమే కదండీ' అంటే ఒప్పుకుంటామా?

సరే, ఏమైనా అడిగేవి ఉంటే అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): అంకుల్, అమ్మాయి కోసం మీరు మాంసం మానేశారా?

లేదమ్మా. తను అడగలేదు, నేను మానలేదు. పొద్దున మాంసం కొంటాను, సాయంత్రం తన ఇగురు రుచి చూసి ఉప్పు తక్కువైందని చెబుతాను. ఇంట్లో గిన్నెలు మాత్రం వేరు, గరిటెలు వేరు. అది నేనే పెట్టిన పద్ధతి. మాంసం గరిటె తన కూరలో పెడితే తనకి ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి నేను వీగన్ అవ్వక్కర్లేదు కదా.

ప్రశ్న (ఒక విద్యార్థి): సార్, పెరుగు లేకుండా బిర్యానీకి ముక్కలు ఎలా నానబెడతారు?

మంచి ప్రశ్న. వేరుశనగ గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెడుతుంది. పెరుగు తోడుకుంటుంది. పులుపు వస్తుంది, కాస్త వేరుశనగ వాసన కూడా ఉంటుంది. బిర్యానీ మసాలాలో అది తెలీదు. పెరుగన్నానికి మాత్రం నన్ను పిలవొద్దని చెప్పాను. (నవ్వులు)

ప్రశ్న (అదే విద్యార్థి): మాంసంలో ఉన్న బలం దీంట్లో ఉంటుందా?

ఏది తింటున్నావన్న దాన్ని బట్టి బాబూ. ఎండు మీల్ మేకర్‌లో వంద గ్రాములకి యాభై గ్రాములు పైనే ప్రోటీన్ ఉంటుంది. నానితే నీళ్ళు పీల్చి బరువు పెరుగుతుంది కాబట్టి కూరలో అంత లెక్క రాదు. గోధుమ ముద్దలోనూ బాగానే ఉంటుంది, కానీ లైసిన్ అనే అమినో ఆమ్లం తక్కువ, పప్పు తింటే ఆ లోటు తీరుతుంది. పనసకాయలో వందకి రెండు మూడు గ్రాములు, అంతే. మాంసం బదులు పనసకాయ తిన్నానని కండలు చూసుకోవద్దు. బి12 మాత్రం మొక్కల్లో నమ్మదగ్గట్టుగా దొరకదు, డాక్టర్ని అడిగి విడిగా తీసుకోవాల్సిందే. మా అమ్మాయి తీసుకుంటుంది, మర్చిపోతే వాళ్ళమ్మ గుర్తుచేస్తుంది.

ప్రశ్న (ఒక అధ్యాపకురాలు): మీ హోటల్లో ఇవి అమ్ముతున్నారా? జనం తింటున్నారా?

కార్తీకంలో బాగా పోతాయండీ. మిగతా నెలల్లో శని, మంగళవారాలు కొంచెం. బోర్డు మీద 'గోధుమ ముక్కల ఇగురు' అనే రాయించాను, మటన్ అన్న మాట పెట్టలేదు. మొదట్లో ఎవరూ అడిగేవారు కాదు, పక్క టేబుల్‌కి వెళ్ళే ప్లేటు వాసన చూసి అడగడం మొదలుపెట్టారు. ధర కైమా కంటే తక్కువే పెట్టాను. సరుకు ఖర్చు తక్కువ, కూలి ఎక్కువ. పిండి కడగడానికి ఒక మనిషి పొద్దంతా కావాలి. ఫ్యాక్టరీల నుంచి గడ్డకట్టించి వచ్చే ప్యాకెట్లు కొందామా అని చూశాను. చాలావాటి రేటు చికెన్‌ని మించి ఉంది, ఉప్పు కూడా ఎక్కువే అనిపించింది. మన చేత్తో చేసుకుంటే రెండూ మన చేతిలో ఉంటాయి.

ఇంక చాలు. అమ్మాయి అప్పటి నుంచి నా వైపు గుర్రుగా చూస్తోంది. మైదా ముద్దలు నానిపోయాయి. ముందు వరసలో వాళ్ళు ఉంగరాలు, వాచీలు తీసేసి, చేతులు కడుక్కుని రండి. ఆ రెండు బకెట్లూ ఇటు జరపండి బాబూ. తెల్ల నీళ్ళు మాత్రం ఎవరూ పారబొయ్యకండి.